లేపుటకు జాకీ, నిలుపుటకు దిమ్మ
(ఆంధ్రప్రదేశ్ కర్మాగారముల శాఖ సంచాలకులవారికి బహిరంగ లేఖ)

మహాశయా,

నెల్లూరు సముద్రతీరమున ముత్తుకూరు, కృష్ణపట్నము మొదలుకొని తోటపల్లి గూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతముల వరకు వ్యాపించియున్న కర్మాగారములలోను, శీతల గిడ్డంగులలోను, సరకుల షెడ్లలోను ప్రతిదినమును పనిచేయుచున్న ఫోర్క్‌లిఫ్టు యంత్రములను గూర్చి, వానిని నడుపువారి కొరకు గాక వాని క్రింద దూరి మరమ్మతు చేయువారి కొరకు, తమకు ఈ లేఖ వ్రాయుచున్నాను. బహిరంగముగా వ్రాయుటకు కారణము కలదు. ఇందలి విషయము తమ కార్యాలయమునకు మాత్రమే చెందినది కాదు. కర్మాగారపు యజమానికిని, యంత్రమును అద్దెకిచ్చు కాంట్రాక్టరుకును, ఫోను మ్రోగినంతనే పనిముట్ల సంచి తగిలించుకొని నెల్లూరు ఆటోనగరునుండి మోటారు సైకిలుపై బయలుదేరు మెకానిక్కునకును, అతని వెనుక కూర్చుండి వచ్చు హెల్పరు కుఱ్ఱవానికిని గూడ చెందినది. అయినను సంబోధింపవలసినవారు తామే. ఏలయన, వీరందఱిచేత ఒక పద్ధతిని పాటింపజేయగల అధికారము ఈ రాష్ట్రమున తమ శాఖకు కలదు.

ఈ తీరపు స్వరూపము మా కన్నులయెదుటనే మాఱినది. కందలేరు సముద్రమున కలియు చోట కృష్ణపట్నపు రేవు 2008 లో ప్రారంభమైన తరువాత, పంటపాలెము పరిసరములలో వంటనూనెల శుద్ధి కర్మాగారములు ఒకదాని వెంట నొకటి వెలసినవి. నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రము లేచినది. 2009 లో వెనామీ రొయ్యకు మన దేశమున అనుమతి లభించిన పిమ్మట, చెఱువులతోబాటు మేత మిల్లులును, రొయ్యలను శుభ్రపఱచి గడ్డకట్టించి ఎగుమతి చేయు ప్లాంట్లును విస్తరించినవి. ఒకప్పుడు హమాలీల వీపులమీద కదలిన మూటయు, పెట్టెయు, డ్రమ్మును నేడు చెక్క ప్యాలెట్లపై కెక్కి రెండు ఇనుప ఫోర్కులమీద కదలుచున్నవి. అమెరికాలో క్లార్క్ కంపెనీవారు 1917 లో తమ కర్మాగారపు అవసరముల కొఱకు నిర్మించుకొన్న సరకు బండినుండి క్రమముగా రూపొంది, రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనిక సామగ్రి రవాణాతో లోకమంతట వ్యాపించిన ఈ యంత్రము మన తీరమునకు ఆలస్యముగానే వచ్చినది. వచ్చినది మొదలు, అది లేనిదే పూట గడవని స్థితి ఏర్పడినది.

ఆ పూట గడవకపోవుటయే ఆపదకు మూలము. ఎగుమతి కావలసిన సరకు చల్లని గదిలోనుండి బయటికి వచ్చియుండును. కంటెయినరు తలుపులు తెఱచుకొని లారీ నిలిచియుండును. యంత్రము ముందు చక్రమువద్ద నూనె కార్చుచు ఆగిపోవును. అప్పుడు యంత్రమును తగిన చోటికి చేర్చి, తగిన ఆధారములు తెప్పించి, తీఱికగా పని మొదలుపెట్టుటకు ఎవ్వరికిని ఓపిక యుండదు. అది ఆగిన చోటనే దానిని లేపుదురు. దేనితో లేపుదురన్నచో, చేతికి అందినదానితో.

ఈ తీరమునందలి కర్మాగారములలో మరమ్మతు విభాగమున చాలకాలము పనిచేసినవాడను. ఒక రాత్రి ఒక ప్లాంటులో నేను చూచినది చెప్పెదను. ఆ ప్లాంటు పేరు చెప్పుట నా ఉద్దేశము కాదు. పాడైన ఫోర్క్‌లిఫ్టు వెనుకకు మఱియొక ఫోర్క్‌లిఫ్టును తెచ్చి, దాని ఫోర్కులను మొదటిదాని వెనుకభాగమున బిగించియుండు బరువు దిమ్మ క్రిందికి తోసి, జానెడెత్తు లేపి, ఇరువైపుల రెండేసి సిమెంటు ఇటుకలు పేర్చి, వానిపై దింపిరి. పిమ్మట మెకానిక్కు వెల్లకిల పరుండి నడుమువరకు లోపలికి జరిగెను. అతడు నిర్లక్ష్యపరుడు కాడు; పనిలో దిట్ట; ఇంజను చప్పుడు విని వ్యాధిని చెప్పగలవాడు. నేను ఆపుమనగా, లారీని ఇట్లే లేపుదుముగదా యని వినయముగానే అడిగెను. ఆ రాత్రి ఏమియు జరుగలేదు. ఏమియు జరుగకపోవుటచేతనే ఆ పద్ధతి మఱునాటికి మఱింత బలపడినది.

అతని ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ఎందుకనగా మన మెకానిక్కులలో అధికసంఖ్యాకులు లారీలమీదను, ట్రాక్టర్లమీదను చేయి తిరిగినవారు. ఫోర్క్‌లిఫ్టు వారి చేతికి తరువాత వచ్చినది. లారీ పొడవైనది, దాని బరువు పొడవునా పఱచుకొనియుండును, దాని క్రింద మనిషి దూరుటకు చోటుండును. ఫోర్క్‌లిఫ్టు చూచుటకు కారుకంటె పొట్టిది. కాని మూడు టన్నుల సరకునెత్తు యంత్రము తానే నాలుగు టన్నులకు మించి తూగును, అనగా మూడు నాలుగు కార్ల తూకము ఒక కారు పట్టు స్థలములో ఇమిడియున్నదన్నమాట. మన పల్లెలలో ఏతము తొక్కినవారికి దీని మర్మము ఇట్టే బోధపడును. ఏతపు మ్రానుకు ఒక కొసన నీటి బాన, మఱొక కొసన దానిని తూచు బరువు, నడుమ ఆధారము. ఫోర్క్‌లిఫ్టునందు ముందు చక్రములే ఆ ఆధారము. ఫోర్కులమీద సరకున్నప్పుడు దానిని తూచుటకై వెనుకభాగమున పోతయినుప దిమ్మను బిగించిరి. సరకు లేనప్పుడు, అనగా మరమ్మతు వేళ, మొత్తము బరువులో సగముకంటె ఎక్కువ వెనుక చక్రములమీదనే నిలుచును. ముందున్న మాస్టును, అనగా ఫోర్కులను పైకెత్తు నిలువు చట్రమును, విప్పి తీసినచో యంత్రము వెనుకకు మఱింత మొగ్గును. వెనుక దిమ్మను తీసినచో ముందునకు వ్రాలును. విద్యుత్తుతో నడుచు యంత్రములలో బ్యాటరీ తానే వందల కిలోలు, పెద్దవానిలో టన్నుకు పైగా తూగును గనుక, దానిని బయటికి లాగినంతనే బరువు నిలుచు చోటు మాఱిపోవును. కాబట్టి ఏ భాగమును విప్పబోవుచున్నామో ముందు నిశ్చయించుకొనక, ఎక్కడ ఆధారము పెట్టవలయునో నిశ్చయింప వీలులేదు. ఉదయము నిశ్చలముగా నిలిచిన యంత్రము, అవే ఆధారములమీద మధ్యాహ్నము ఒక భాగము విప్పగానే లేచి మొగ్గవచ్చును.

ఇంకొక విశేషము కంటికి కనబడదు. ఫోర్క్‌లిఫ్టునకు చక్రములు నాలుగైనను, అది నిలుచునది మూడు బిందువులమీద. వెనుక ఇరుసు నడుమ ఒక్క పిన్నుపై ఇటునటు ఊగునట్లు అమర్చబడియుండును. అందుచేత ముందు చక్రములు రెండును, వెనుక ఆ పిన్నును కలిసి ఒక త్రికోణము. వెనుకభాగమును ఒకే జాకీతో నడుమ లేపినప్పుడును త్రికోణమే. జాకీ ఏమాత్రము ప్రక్కకు జరిగినను ఆ త్రికోణము చిక్కిపోవును, యంత్రము ఆ ప్రక్కకు ఒరగును. లారీని లేపినచేతికి ఈ ఒరుగుడు పరిచయము లేదు.

ఇక జాకీ సంగతి. బ్రామా అను ఆంగ్లేయుడు 1795 లో ద్రవపీడనముతో పనిచేయు ప్రెస్సునకు హక్కుపత్రము పొందెను. 1851 లో న్యూయార్కున డడ్జన్ అను యంత్రకారుడు ఆ సూత్రమునే చేతితో మోసికొనిపోదగిన జాకీగా మలచెను. నాటినుండి నేటివరకు దాని ప్రాణము మాఱలేదు: చిన్న గొట్టములో నూనె, ఆ నూనెను పట్టియుంచు ఒక సీలు. ఆ సీలుమీదనే పైకెత్తిన బరువంతయు ఆధారపడియుండును. అది క్రమముగా కారినచో జాకీ కంటికి తెలియకుండ దిగును. ఒక్కసారిగా చినిగినచో రెప్పపాటులో దిగును. సముద్రతీరమున ఇది మఱింత నిజము. మా ప్రాంతపు గాలిలో ఉప్పు కలదు. షెడ్డు మూలన పడియున్న జాకీ పిస్టనుమీది మెఱుపుపూత ఆ ఉప్పునకు పొక్కి, సూదిమొనవంటి గుంటలు పడును. పిస్టను పైకి క్రిందికి ఆడినప్పుడెల్ల ఆ గుంటల అంచులు సీలును కోయును. బయట రంగు వేసిన జాకీ కొత్తదానివలె కనబడవచ్చును. నెలకొకమాఱు పిస్టనును పూర్తిగా పైకి తీసి, తుడిచి, వ్రేలితో నిమిరి చూచు అలవాటు ఎన్ని షెడ్లలో కలదో తమ ఇన్‌స్పెక్టర్లు అడిగి చూడవలయునని నా కోరిక.

కనుక ఈ లేఖయందు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇది: జాకీ యంత్రమును లేపుటకే గాని నిలుపుటకు కాదు. యంత్రము కావలసినంత ఎత్తు లేచిన మఱుక్షణమే దాని చట్రము క్రింద ఇరువైపుల గట్టి దిమ్మలుగాని, సామర్థ్యము ముద్రింపబడిన ఇనుప స్టాండ్లుగాని పెట్టి, జాకీని వదలి, బరువంతయు వానిమీదికి దిగనిచ్చిన తరువాతనే మనిషి చేయియైనను లోపలికి పోవలయును. ఈ పనికి పట్టునది పది నిమిషములు. ఆ పది నిమిషములను ఎవ్వరును ఇచ్చుట లేదు. ఇమ్మని అడుగు అధికారము మెకానిక్కునకు లేదు.

జాకీని ఎక్కడ పెట్టవలయునో యంత్రముతోబాటు వచ్చు పుస్తకములో బొమ్మ గీసి చూపియుందురు. ఆ పుస్తకము ఆంగ్లమున నుండును. కార్యాలయపు బీరువాలో నుండును. ఫోర్క్‌లిఫ్టు అడుగునకును నేలకును నడుమ కొద్ది అంగుళముల సందు మాత్రమే యుండుటచేత, లారీల బాటిల్ జాకీ అక్కడ పట్టదు. పట్టకపోవుటచే మెకానిక్కు దానిని పట్టిన చోట పెట్టును: బరువు దిమ్మ అంచు క్రింద, నూనె ట్యాంకు క్రింద, స్టీరింగు ఇరుసు కొస క్రింద. ఇందుకొఱకే నేలకు తాకునంత క్రిందనుండి ఎత్తగల గోరు గలిగిన టో జాకీలు వచ్చినవి. వానియందును ఒక మెలకువ కావలయును. అనేక నమూనాలలో గోటితో ఎత్తగల బరువు తలతో ఎత్తగల దానిలో సగము మాత్రమే. పది టన్నులని పెద్ద అక్షరములతో వ్రాసియున్న జాకీ గోరు అయిదు టన్నులకే పరిమితము కావచ్చును. కొనునప్పుడు ఈ భేదము అడుగువారు అరుదు.

ముందు చక్రములను లేపుటకు జాకీ లేకుండ చేయు పద్ధతి యొకటి పెక్కు యంత్రముల పుస్తకములలోనే కలదు. మాస్టును పూర్తిగా వెనుకకు వాల్చి, దాని వెలుపలి కమ్ముల క్రింద ఇరువైపుల దిమ్మలు పెట్టి, తరువాత మాస్టును ముందునకు వాల్చినచో ముందుభాగము తనంత తానే లేచును. చక్కని ఉపాయము. కాని అప్పుడు యంత్రమును పట్టియుంచునది మాస్టును వాల్చు సిలిండర్లలోని నూనె. వాని సీళ్ళకును జాకీ సీలునకు గల బలహీనతయే కలదు. అందుచే అక్కడను చట్రము క్రింద దిమ్మలు పడినంతవఱకు పని మొదలుకారాదు.

ఇటుకల విషయము కొంచెము విస్తరించి చెప్పక తప్పదు, ఎందుకనగా ఈ తీరమున మిక్కిలి వ్యాపించిన దురలవాటు అదియే. సిమెంటు ఇటుక గోడలో ఎంతో బరువు మోయును. అందుకే దానిపై నమ్మకము. కాని గోడలో బరువు దాని తలమీద సమముగా పఱచుకొనును. ఇచ్చట చట్రపు ఇనుప అంచు ఒక్క గీతమీద నొక్కును. సిమెంటు వంగదు, మూలుగదు. ముందుగా ఏ సూచనయు ఇయ్యక ముక్కలగును. చేవ గల కొయ్య అట్లు కాదు. అది మొదట నలుగును, కిఱ్ఱుమనును, చీలికను చూపును. మనిషి బయటికి జరుగుటకు వ్యవధి నిచ్చును. మన ప్రాంతమున తుమ్మ కొదువ లేదు. ఎండిన తుమ్మ చేవను చతురస్రముగా కోయించి, పొరపొరకు దిశ మార్చి ఒకదానిపై నొకటి అడ్డముగా పేర్చినచో అంతకు మించిన ఆధారము లేదు. అయితే ఆ పేర్పు ఎత్తు దాని వెడల్పునకు మించరాదు. సరుగుడు తోటలు తీరమంతట నుండుటచే ఆ దుంగలను వాడుటయు చూచుచున్నాను. సరుగుడు గట్టిదే గాని నిలువున పగులును, గుండ్రని దుంగ దొర్లును. దానిని ఈ పనికి వాడరాదు. ఇనుప స్టాండుమీద చట్రపు ఇనుము నేరుగా ఆనినచో, నూనె తడి తగిలినంతనే జాఱును. నడుమ పలుచని చెక్క యొకటి కావలయును. ఇదే కారణముచేత, మఱియొక ఫోర్క్‌లిఫ్టుతో లేపుట అన్ని పద్ధతులలోను మిక్కిలి ప్రమాదకరమైనది: ఇనుముమీద ఇనుము, ఎత్తు యంత్రపు డ్రైవరు పాదము బ్రేకుమీద, అతనికి క్రిందనున్న మనిషి కనబడడు, రెండు యంత్రములలో ఏది కదలినను రెండును కదలును.

నేలనుగూర్చి తమ శాఖవారు ఇంతవఱకు ఆలోచించియుండినచో సంతోషింతును. ఆలోచింపనిచో ఇప్పుడు ఆలోచింపవలయునని ప్రార్థన. నెల్లూరు తీరమున నేల ఇసుక. దానిపై పఱచిన సిమెంటు బిళ్ళల ఆవరణ పైకి గట్టిగా కనబడును. ఈశాన్య ఋతుపవనపు వానలు పడినంతనే క్రింది ఇసుక జాఱి బిళ్ళ ఒక మూల క్రుంగును. 2023 డిసెంబరు తొలివారమున మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఈ తీరపు ఆవరణలు నీట నిలిచినవి. అట్టి వానల పిమ్మట పైభాగము ఎండినను లోపల తడి చాలదినములు నిలుచును. చిన్న అడుగు గల జాకీ అట్టిచోట టన్నుల యొత్తిడితో నిలువునా దిగిపోవును, లేదా ఒక ప్రక్కకు వాలును. మందమైన ఇనుప పలక క్రింద పఱచినచో కొంత మేలు; కాంక్రీటు గచ్చుపైకి యంత్రమును చేర్చిన పిమ్మటనే లేపుట ఉత్తమము. రొయ్యల ప్లాంట్లలో మఱియొక చిక్కు కలదు. అక్కడి గచ్చు ఆరోగ్య నియమముల ననుసరించి నీరు కాలువలోనికి పోవునట్లు బుద్ధిపూర్వకముగానే వాలుగా కట్టబడును. అది ఎల్లప్పుడును తడిగా నుండును. శుభ్రతకు ఎంత మంచిదో, జాకీకి అంత చెడ్డది. అట్టి ప్లాంటులో మరమ్మతునకు సమతలమైన, పొడియైన వేఱొక చోటు కేటాయింపక తీఱదు.

పని మొదలుపెట్టు క్రమము పెద్ద శాస్త్రము కాదు. ఫోర్కులు నేలకు దింపవలయును. చేతి బ్రేకు వేయవలయును. తాళము తీసి మెకానిక్కు తన జేబులోనే వేసికొనవలయును. బ్యాటరీ తీగ విప్పవలయును. నేలమీద మిగులు చక్రములకు ముందు వెనుకల కట్టెలు అడ్డు పెట్టవలయును. కొంచెము లేపి, కొంచెము దిమ్మ పెట్టి, మఱికొంచెము లేపవలయును. దిమ్మలమీదికి దింపిన తరువాత, క్రిందికి దూరకముందు, ప్రక్కనుండి చేతులతో గట్టిగా త్రోసి కదలిక యున్నదేమో చూడవలయును. మాస్టును పైకెత్తి పని చేయవలసినచో దానిని నూనెమీద నిలుపక, గొలుసుతో కట్టి, కమ్ముల నడుమ అడ్డుకడ్డీ పెట్టవలయును. గాలి టైర్లు గల యంత్రములయందు చక్రపు నట్లు తాకకముందే గాలి పూర్తిగా తీయవలయును. రెండు సగములుగా బోల్టులతో బిగింపబడిన రిమ్ములో గాలి యుండగా పొరబాటున ఆ బోల్టులు విప్పినచో అది పేలును. పేలినప్పుడు ఎదుట నున్నవాడు బ్రదుకుట దుర్లభము.

ఇన్ని తెలిసియు ఇవి జరుగకపోవుటకు కారణము, నా అభిప్రాయమున, అజ్ఞానముకంటె బాధ్యత ఎవ్వరిదో తేలకపోవుట. యంత్రము అద్దెది, అద్దెకిచ్చినవాడు నెల్లూరులోనో చెన్నైలోనో ఉండును. డ్రైవరు కాంట్రాక్టరు మనిషి. మెకానిక్కు ఎవ్వరి జీతగాడును కాడు. చేసిన పనికి కూలి తీసికొని పోవును. కర్మాగారపు రిజిస్టరులో అతని పేరు గేటువద్ద వచ్చిపోవువారి పుస్తకమున మాత్రమే కనబడును. అతనికి దిమ్మలు ఇయ్యవలసినదెవరు? ఆపు అని చెప్పవలసినదెవరు? యజమానిని అడిగినచో మెకానిక్కు తన సామగ్రి తానే తెచ్చుకొనవలయుననును. మోటారు సైకిలుమీద నాలుగు తుమ్మ దిమ్మలును, రెండు స్టాండ్లును, టో జాకీయు ఎట్లు తెచ్చును?

శాసనము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకపోలేదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987 లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన 7 ఎ విభాగము, యంత్రములును పని పద్ధతులును సురక్షితముగా నుండునట్లు చూచుట, తగిన సూచనలును శిక్షణయు ఇచ్చుట ఫ్యాక్టరీని నిర్వహించువాని విధియని స్పష్టపఱచినది. కార్మికుడనగా ఎవరో చెప్పు నిర్వచనమునందు కాంట్రాక్టరు ద్వారా, ప్రధాన యజమానికి తెలిసియో తెలియకయో నియమింపబడినవాడును, జీతము పుచ్చుకొన్నను పుచ్చుకొనకున్నను, ఉత్పత్తికి సంబంధించిన ఏ పనియందున్నను చేరెను. ఇంత విశాలమైన నిర్వచనములోనికి గేటు పుస్తకములో సంతకము చేసి వచ్చిన మెకానిక్కు రాడని వాదించుట న్యాయము కాదు. కాని అదే చట్టమునందు ఎత్తు యంత్రములనుగూర్చి చెప్పు 29 వ విభాగము క్రేనులను, వించీలను, కప్పీలను పేర్కొని, పన్నెండు నెలల కొకమాఱైనను సమర్థుడైన వ్యక్తిచే పరీక్షింపజేయవలెనని విధించినదే గాని, ఫోర్క్‌లిఫ్టును పేరుతో చెప్పలేదు. రేవు లోపలి పనులకు 1986 నాటి డాకు కార్మికుల చట్టము వేఱుగా నుండెను. ఈ రెంటిని ఒక్కచోట చేర్చుచు 2020 లో పార్లమెంటు వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిని ఆమోదించినది. దాని ననుసరించి రాష్ట్రము అమలుజరుపు నియమములయందు ఫోర్క్‌లిఫ్టును పేరు పెట్టి చేర్చుట కిది తగిన సమయము. బ్రిటనులో 1998 నాటి నిబంధనలు ఈ యంత్రపు ఎత్తు భాగములకు సంవత్సరమున కొకమాఱైనను సమగ్ర పరీక్షను విధించుచున్నవి. అమెరికాలో డ్రైవరు నైపుణ్యమును మూడేండ్ల కొకమాఱు తిరిగి పరిశీలింపవలెనను నియమము కలదు. వారి నియమములను మక్కికి మక్కిగా దింపికొనుమని నేను కోరను. వారు డ్రైవరును గూర్చి ఎక్కువగా చింతించిరి. మనము మెకానిక్కును గూర్చి మొదట చింతింపవలసియున్నది, ఏలయన మనవద్ద యంత్రము వయసు మళ్ళినది, సెకండు హ్యాండుది, తఱచుగా విప్పబడునది.

తమనుండి నేను ఆశించుచున్నది చిన్నపనియే. ఫోర్క్‌లిఫ్టు ఉన్న ప్రతి కర్మాగారమును, ఆ యంత్రము సొంతదైనను అద్దెదైనను, దానిని లేపి నిలుపుటకు చాలిన జాకీని, స్టాండ్లను లేక దిమ్మలను తానే ఉంచవలెననియు, బయటనుండి వచ్చిన మెకానిక్కునకు అవి ఇచ్చిన తరువాతనే పని మొదలుపెట్టనీయవలెననియు ఒక ఉత్తరువు పంపుడు. తనిఖీకి వెళ్ళిన ఇన్‌స్పెక్టరు యంత్రము నడుచుటను చూచి తృప్తిపడక, దీనిని మీరెక్కడ లేపుదురు, దేనిమీద నిలుపుదురు, చూపుడని అడుగవలయును. చూపిన చోట నేలను, దిమ్మలను, జాకీ పిస్టనును కన్నులార చూడవలయును. ఆ ఒక్క ప్రశ్న అడిగిన నాడు షెడ్డులో సిమెంటు ఇటుకలు మాయమగునని నా నమ్మకము. తయారీదారుల పుస్తకములనుండి జాకీ పెట్టు చోట్ల బొమ్మలను, మెలకువలను తెలుగున ఒక్క కాగితముమీద అచ్చొత్తించి, యంత్రపు డ్రైవరు సీటు ప్రక్కనే అంటింపజేయవలయును. మా తీరపు ప్లాంట్లలో ఒడిశానుండియు, బీహారునుండియు వచ్చిన పనివారు కూడ నుండుటచేత హిందీలోను, ఒడియాలోను వేయించుట అవసరము. ఐటీఐలలో డీజిలు మెకానిక్కు విద్య నేర్చు పిల్లలకు లారీతోబాటు ఫోర్క్‌లిఫ్టును కూడ ఒక్కమాఱు దిమ్మలమీద నిలిపి చూపు ఏర్పాటునకై శిక్షణ శాఖవారికి తాము ఒక లేఖ వ్రాసినను మేలగును.

ప్రమాదముల లెక్కను గూర్చి ఒక్కమాట. చట్టము ప్రకారము మరణమును, 48 గంటలుగాని అంతకు మించిగాని పనికి రాలేని గాయమును తమ శాఖకు తెలుపవలయును. యంత్రము జాకీమీదినుండి జాఱి, ఎవ్వరికిని తగులకుండ నేలబడినచో అది సాధారణముగా ఏ కాగితమునకును ఎక్కదు. ఆ రాత్రి నిలుచున్నవారి నోళ్ళలోనే ముగియును. అట్లు జాఱిన సందర్భములను శిక్షభయము లేకుండ తెలుపుటకు ఒక మార్గము తాము తెఱచినచో, ఎక్కడ, ఏ నేలమీద, ఏ ఆధారము చాలక యంత్రము పడినదో తమకే తెలియును. అప్పుడు నావంటివాడు ఊహతో వ్రాయవలసిన పని యుండదు.

మెకానిక్కులను గూర్చి ఇంకొక విన్నపము. ఉత్తరువు పంపునప్పుడు వారిని దోషులుగా ఎంచకుండ వ్రాయుడు. వారు తమ ప్రాణమును తేలికగా చూచువారు కారు. యంత్రము త్వరగా నడువవలెనని అడుగువారు నలువురు చుట్టును నిలుచుండగా, ఇటుకలు తప్ప మఱేమియు చేతికి ఇయ్యని చోట, పని వదలి వెళ్ళినచో రేపు పిలువరను భయముతో లోపలికి దూరువారు. దిమ్మలు లేవు గనుక నేను దూరనని చెప్పిన మెకానిక్కును తిట్టరాదనియు, ఆ కారణముచే అతని కూలి ఆపరాదనియు ఉత్తరువులో ఒక వాక్యము చేర్చినచో, మిగిలిన వాక్యములన్నిటికంటె అది వారికి ఎక్కువగా ఉపకరించును.

ఈ ఏటి ఈశాన్యపు వానలు అక్టోబరు నడుమ ఆరంభమగును. అప్పటికి మా ఆవరణలలోని ఇసుక మెత్తబడును, యంత్రములు బురదలో దిగి తఱచుగా పాడగును. ఉత్తరువు సెప్టెంబరు ముగియకముందే వెలువడునట్లు చూడవలసినదిగా ప్రార్థించుచున్నాను. ముత్తుకూరు, తోటపల్లి గూడూరు మండలముల మెకానిక్కులను ఒకచోట చేర్చుటకును, యంత్రమును లేపి దిమ్మలమీద నిలుపు విధము వారియెదుట చేసి చూపుటకును, తమ ఇన్‌స్పెక్టరు ఏ దినము నిర్ణయించినను నేను సిద్ధముగా నున్నాను.

చిత్తగింపుడు.

ఇట్లు,
తమ విధేయుడు,
నెల్లూరు తీరవాసియగు ఒక మరమ్మతు పనివాడు